ఏం రోగమని అడిగినవాళ్ళకు

మా తోటికోడలు పోయి నెల కావస్తోంది. గుండెపోటు. పొద్దున్నే పంపు దగ్గర ముఖం కడుక్కుంటూ కూలబడింది. చీరాల ఆసుపత్రికి చేర్చేలోపే అయిపోయింది. పెద్దకర్మ నాడు భోజనాల దగ్గర నేను నెయ్యి వడ్డిస్తున్నాను. వరసలో కూర్చున్న ఒకావిడ పక్కావిడతో అంటోంది, అప్పట్లో పొట్ట కోయించుకుంది గదా, అదే ఇన్నాళ్ళకి తిరగబెట్టి ఉంటుందని, దేవుడిచ్చిన ఒంటిని కెలుక్కుంటే ఊరికే పోతుందా అని. పక్కావిడ అవునవునని తల ఊపి పప్పు కలుపుకుంది.

ఆ ఇద్దరి విస్తళ్ళూ దాటేసి ముందుకు వెళ్ళిపోయాను. చావింట్లో అంతకంటే ఏం చేస్తాం. కానీ ఒళ్ళు మండిపోయింది. ఇవాళ్టికీ చల్లారలేదు. అందుకే రాస్తున్నాను.

ఆమె పేరు రాయను. నేనెప్పుడూ పేరుపెట్టి పిలిచింది లేదు. అక్కా అనేదాన్ని. ఆమె నన్ను అమ్మాయ్ అనేది.

పర్చూరు దాటాక పత్తీ మిర్చీ పండే నల్లరేగడి ఊరు మాది. నేను చిన్నకోడలిగా ఆ ఇంట్లో కాలుపెట్టేసరికి మామగారు లేరు. ఇల్లు అత్తగారి చేతిలో ఉండేది, కళ్ళం అక్క చేతిలో ఉండేది. బావగారు పంచాయితీలకీ పేకాటకీ తిరిగేవారు. మిరపకాయలు ఆరబోసిన చోట అక్క నడుస్తుంటే చూడాలి. ఓ కాయ తీసి చెవి దగ్గర ఆడించేది, గింజ చప్పుడు వినేది, తొడిమ దగ్గర గిల్లి వాసన చూసేది. "ఇంకో ఎండ కావాలి" అనేది. బేరగాడు ఎంత తొందరపెట్టినా ఇంకో ఎండ పడాల్సిందే. కళ్ళానికి వెళ్ళేటప్పుడు కూడా కాటుక పెట్టుకునేది. మిరప ఘాటుకి కళ్ళు నీళ్ళు కారి ఆ కాటుకంతా చెంపల మీదికి వచ్చేది. పైటతో తుడుచుకుని, ఇంటికొచ్చి మళ్ళీ పెట్టుకునేది. మా అత్తగారు ఎవరికోసం ఈ సింగారం అని గొణిగితే, "నాకోసం. అయితే ఏందంట?" అనేది. ఆ "అయితే ఏందంట" ఆమె నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉండేది.

కోపమొస్తే మాట్లాడేది కాదు. వంటింట్లోకి వెళ్ళి, కడిగి బోర్లించిన స్టీలు గ్లాసులన్నీ మళ్ళీ కడిగేది. ఆ చప్పుడుకి వీధరుగు మీద కూర్చున్నవాళ్ళు కూడా ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయేవాళ్ళు.

నవ్వొస్తే మాత్రం రెండు చేతులూ పొట్ట మీద అదిమిపెట్టుకుని నవ్వేది. అది ఆమె నవ్వే తీరేమో అనుకున్నాను చాలాకాలం. కాదు. మొదటి కాన్పులో కవల ఆడపిల్లలు, రెండో కాన్పులో ఒడ్డూ పొడుగూ ఉన్న మగపిల్లాడు. పొట్ట మధ్యలో కండరాలు రెండుగా విడిపోయాయి. నవ్వినా దగ్గినా లోపల్నుంచి ఏదో ఉబికి వస్తున్నట్టు ఉండేదట. అందుకని పట్టుకునేది. సాగిన చర్మం మడతపడి కిందికి జారిపోయింది. కళ్ళంలో పని ముమ్మరంగా ఉన్న రోజుల్లో ఆ మడతలో చెమటా మిరప దుమ్మూ చేరి ఒరుసుకుపోయేది. రొమ్ముల కిందా అంతే. సాయంత్రం స్నానానికి వెళ్తే తలుపు లోపల్నుంచి పళ్ళ మధ్యనుంచి గాలి పీల్చుకునే శబ్దం వినిపించేది. కొబ్బరినూనె సీసా తలుపు సందులోంచి నేనే అందించేదాన్ని.

పిల్లాడికి మూడేళ్ళు నిండినా బస్సులో కండక్టరు లేచి ఎవరో ఒకర్ని నిలబెట్టి ఆమెకి సీటు ఇప్పించేవాడు. పెళ్ళిళ్ళలో "ఎన్నో నెల?" అని అడిగేవాళ్ళు. దానికి జవాబు బావగారు చెప్పేవారు. నలుగురు మగవాళ్ళు చేరినచోట, ఆమె వింటుండగా, "మా ఇంట్లో ఎప్పుడూ ఏడో నెలేరా" అనేవారు. అందరూ నవ్వేవాళ్ళు. ఆ రాత్రి గ్లాసులు చాలాసేపు మోగేవి.

బీటీ పత్తి కొత్తగా వచ్చిన రోజులు. ఆ ఏడు అక్క పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చిన చేలో పత్తి బాగా దిగింది. ఆ డబ్బు ఆమెదే. ఒకరోజు పత్తి బస్తాల మధ్య కూర్చుని, ఏదో ఎరువు బస్తా సంగతి చెప్పినట్టు నాకు చెప్పింది, హైదరాబాదులో ఒక డాక్టరమ్మ ఉందట, పొట్టా రొమ్ములూ రెండూ ఒకేసారి సరిచేస్తుందట, తను వెళ్తోందట, నేను తోడు రావాలట. నేను భయపడ్డాను. ప్రాణం మీదికి తెచ్చుకుంటావా అక్కా అన్నాను.

"ఇద్దరు పిల్లల్ని ఒకేసారి కన్నప్పుడు ప్రాణం మీదికి రాలేదా? అప్పుడెవరూ వద్దనలేదే" అంది.

ఇంట్లో చెప్పింది. దాచలేదు. అత్తగారు తల కొట్టుకున్నారు. బావగారు మాత్రం ఒక్క మాట అన్నారు, "ఎవరికి చూపించాలనో" అని. ఏడో నెల అని నవ్విన నోటితోనే అన్నారు. పొట్ట ఉంటే ఎగతాళి, తీయించుకుంటానంటే అనుమానం. ఆ మనిషి ముందు ఆమె ఎలా ఉండాలి మరి? ఈ ప్రశ్న అప్పుడు నేను అడగలేదు, అక్క అడగనివ్వలేదు. "ఆయనకి జవాబు చెప్పడానికి కాదు నేను పోతోంది. పెట్టె సర్దు" అంది.

డాక్టరమ్మ నన్ను కూడా కూర్చోబెట్టి చెప్పింది. ఆపరేషను కష్టం కాదు, ఆ తర్వాతే కష్టం. నెలపైన బరువెత్తకూడదు, పిల్లాణ్ణి ఎత్తుకోకూడదు, చేతులు పైకి లేపకూడదు, వంగే నడవాలి, వెల్లకిలా చదునుగా పడుకోకూడదు. అన్నిటికంటే ముఖ్యం, దగ్గు రాకూడదు. దగ్గితే లోపల కుట్లు తెగుతాయి. మిరప ఊరి నుంచి వచ్చినవాళ్ళకి ఆ మాట చెప్పడమంటే ఏమిటో పాపం ఆవిడకి తెలియదు.

ఆపరేషనయ్యాక కారులో ఊరికి తీసుకొచ్చాం. మా ఆయన ముందు సీట్లో కూర్చున్నారు. బావగారు రాలేదు. ప్రతి గతుకు దగ్గరా అక్క నా చెయ్యి నొక్కేది, అరిచేది కాదు. ఇంటికొచ్చేసరికి అత్తగారు వాకిట్లోనే ఊరికి కథ అల్లేశారు. కడుపులో గడ్డ, తీసేశారు. చూడ్డానికి వచ్చిన ఆడవాళ్ళు పాపం పాపం అంటూ పళ్ళు తెచ్చారు. అక్క కళ్ళు మూసుకుని పడుకుంది. మందుల మత్తులో ఉంది కాబట్టి సరిపోయింది.

మామగారి పాత పడక్కుర్చీలో దిండ్లు వేసి, మోకాళ్ళ కింద ఇంకో దిండు పెట్టి ఆమెని పడుకోబెట్టాను. పొట్ట చుట్టూ బిగుతు బెల్టు. రెండు పక్కలా చర్మంలోంచి సన్నని గొట్టాలు, వాటి చివర చిన్న బుడ్డీలు. వాటిలోకి ఎర్రటి నీరు దిగేది. పొద్దునా సాయంత్రం నేను ఒంచి కడిగేదాన్ని. లేపి నిలబెడితే సగానికి వంగి, ముసలమ్మలా గోడ పట్టుకుని నడిచేది. చేతులు లేవవు కాబట్టి తల నేనే దువ్వేదాన్ని. కాటుక కూడా నేనే పెట్టేదాన్ని. మొదటిరోజు వంకరగా వచ్చింది. అద్దం తెమ్మని చూసుకుని, "తుడిచి మళ్ళీ పెట్టు" అంది. అంత నొప్పిలోనూ.

పిల్లాడు ఎత్తుకోమని ఏడ్చేవాడు. కుర్చీ కింద కూర్చోబెడితే ఆమె పాదానికి చెంప ఆనించి నిద్రపోయేవాడు. ఆమె కాలు తిమ్మిరెక్కినా కదిపేది కాదు.

కోపమొస్తే గ్లాసులు కడగడానికి లేవలేని పరిస్థితి. అందుకే కళ్ళలో కోపం అలాగే నిలిచి ఉండేది. బావగారు గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడి, ఎలా ఉంది అని నన్ను అడిగి వెళ్ళిపోయేవారు. ఆమెని కాదు, నన్ను.

అది ఏడాదికి సరిపడా కారం కొట్టించే సమయం. మా ఇంట్లో కాయలు మర పట్టించరు. వాకిట్లో పెద్ద రోలు, ఇద్దరు కూలి మనుషులు, రోకళ్ళు. అత్తగారు మనుషుల్ని పిలిపించారని తెలిసి వెళ్ళి బతిమాలాను. ఇప్పుడొద్దత్తయ్యా, ఘాటు లోపలికి వస్తుంది, దగ్గు వస్తే కుట్లు తెగుతాయని డాక్టరమ్మ మరీ మరీ చెప్పిందన్నాను. అక్క కొంచెం కోలుకున్నాక కొట్టిద్దాం, పోనీ దొడ్డివైపు రోట్లో కొట్టిద్దామన్నాను.

అత్తగారు తమలపాకు ఈనె తీస్తూ తలెత్తలేదు. "దాని సోకు కోసం ఇంటి పన్లు ఆపుకోవాలా? తలుపేసుకోమను" అన్నారు.

బావగారి దగ్గరికి వెళ్ళాను. అమ్మ ఇష్టం అన్నారు. చెప్పులేసుకుని పేకాటకి వెళ్ళిపోయారు. మా ఆయన గుంటూరు మిర్చి యార్డుకి టిక్కీ బస్తాలు తీసుకుని వెళ్ళి ఉన్నారు.

తలుపులు మూశాను. కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కాను. పిల్లల్ని పక్కింటికి పంపాను. కానీ కారానికి తలుపులేం అడ్డం. రోకళ్ళు పడటం మొదలైన కాసేపటికే గదిలో గొంతు గరగరలాడింది. అక్క ముక్కుకి తడిగుడ్డ పెట్టాను. ఆమె రెండు చేతులతో పొట్టని పట్టుకుని, పెదాలు బిగించి, ఊపిరి బిగబట్టింది. ముఖం ఎర్రబడింది, తర్వాత నల్లబడింది. ఎంతసేపు ఆపుకుంటుంది? ఒక్కసారిగా దగ్గు తన్నుకొచ్చింది. ఆ తర్వాత ఆగలేదు. దగ్గుకీ దగ్గుకీ మధ్య ఆమె నోట్లోంచి వచ్చినలాంటి శబ్దం కాన్పు నొప్పుల్లో కూడా ఎవరి నోటా నేను వినలేదు. బెల్టు మీద ఎర్రటి మచ్చ కనిపించింది. చూస్తుండగానే పెద్దదైంది.

నేను ఆ ఇంట్లో అప్పటిదాకా ఎవరికీ ఎదురుచెప్పినదాన్ని కాను. ఆ రోజు నాకేమైందో నాకు తెలియదు. కుళాయి కింద నిండుగా ఉన్న బిందె ఎత్తుకుని వాకిట్లోకి వెళ్ళాను. రోకళ్ళు పట్టుకున్న ఇద్దరూ నా ముఖం చూసి తప్పుకున్నారు. బిందెడు నీళ్ళూ రోట్లో కుమ్మరించాను. పక్కన చాప మీద పోసిన మిరపకాయల మీద ఇంకో బిందె పోశాను. ఏడాది కారం ఎర్రటి బురదలా వాకిలంతా పారింది. అత్తగారు తమలపాకు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయారు.

"లోపల మనిషి చస్తోంది. కారు పిలిపించండి" అన్నాను.

హైదరాబాదు దాకా వెళ్ళే పరిస్థితి కాదు. గుంటూరులో ఒక పెద్ద సర్జను దగ్గరికి తీసుకెళ్ళాం. బాగా పేరున్నాయన. కట్టు విప్పి చూసి, ఒక పక్క కుట్లు తెగాయన్నాడు. జ్వరం కూడా అందుకుంది. చేతులు కడుక్కుంటూ మొదలుపెట్టాడు. ముగ్గురు పిల్లల తల్లివి, ఈ వయసులో నీకెందుకమ్మా ఈ షోకులు, రోగమా రొష్టా, మా ఇళ్ళలో ఆడవాళ్ళకి లేవా పొట్టలు, అని. పక్కన నర్సు నవ్వు ఆపుకుంది.

నేను అడ్డం వెళ్ళాను. అది కాదండీ, ఆమెకి నడుం నొప్పి, ఒళ్ళంతా ఒరుసుకుపోయేది, పుళ్ళు పడేవి, అందుకనే చేయించుకుంది అన్నాను. ఆయన గొంతు వెంటనే మెత్తబడింది. అట్లా చెప్పండి మరి అన్నాడు. అది మంచిమాటే అనుకున్నాను నేను.

బల్ల మీద పడుకున్న అక్క నా మణికట్టు పట్టుకుంది. జ్వరంతో చెయ్యి కాలిపోతోంది.

"అమ్మాయ్, నువ్వాగు" అంది. తర్వాత ఆయన వైపు తల తిప్పింది. "నడుం నొప్పి ఉంది. పుళ్ళూ పడ్డాయి. అయినా వాటి కోసమే కాదండీ. అద్దంలో చూసుకుంటే బాగుండాలని చేయించుకున్నాను. పుండుంటేనే బాగు చేస్తారా, బాగుండాలనుకుంటే చెయ్యరా? మీరు కుట్లెయ్యండి డాక్టరుగారూ. సుద్దులు చెప్పేవాళ్ళు మా ఇంట్లో ఉన్నారు."

ఆయన గ్లౌజులు వేసుకున్నాడు. కుట్లు వేశాడు. బాగానే వేశాడు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో నా మీద కోపంగానే ఉంది. చిలకలూరిపేట దాటాక అప్పుడు అంది, తనకోసం సాకులు చెప్పొద్దని, సాకు చెప్తే తను చేసింది తప్పని ఒప్పుకున్నట్టేగా అని. కాసేపయ్యాక, కళ్ళు మూసుకునే, "కారం మొత్తం తడిసిందా?" అని అడిగింది. మొత్తం అన్నాను. ఆమెకి నవ్వొచ్చింది. నవ్వితే నొప్పి, ఆపుకుంటే ఇంకా నొప్పి. పొట్ట పట్టుకుని కన్నీళ్ళు కార్చుకుంటూ నవ్వింది. డ్రైవరు అద్దంలోంచి భయంగా చూశాడు.

మానడానికి చాలాకాలం పట్టింది. తెగిన చోట మచ్చ వెడల్పుగా, మందంగా మిగిలిపోయింది. మిగతాదంతా సన్నని గీత. బెల్టు తీశాక ఒకరోజు అద్దం ముందు నిలబడింది. వెనక్కి, పక్కకి తిరిగి చూసుకుంది. ముఖంలో సంతోషం కంటే ముందు ఆశ్చర్యం కనిపించింది, ఎప్పుడో ఊరెళ్ళిన మనిషి ఎదురుపడ్డట్టు. తర్వాత కళ్ళానికి వెళ్ళింది. వంగి కాయ తీసుకుంది, లేచింది. పొట్ట పట్టుకోకుండా లేచింది. అది నేను తప్ప ఎవరూ గమనించలేదు.

అత్తగారు ఆ కారం సంగతి మళ్ళీ ఎత్తలేదు. గడ్డ కథ మాత్రం వదల్లేదు. ఊళ్ళో, చుట్టాల్లో అదే నడిచింది.

ఆ మరుసటి ఏడు గుంటూరులో మా ఆడపడుచు కూతురి పెళ్ళి. అక్క ముదురు ఆకుపచ్చ పట్టుచీర కట్టింది. పన్నెండేళ్ళ తర్వాత కుచ్చెళ్ళు తను కావలసిన చోట నిలిచాయని మురిసిపోయింది. మండపంలో అడుగుపెట్టగానే తలలు తిరిగాయి. బావగారు ఆ రోజు ఆమె పక్కనుంచి కదల్లేదు. స్నేహితులందరికీ పేరుపేరునా చూపించారు. భోజనాల దగ్గర వాళ్ళలో ఒకాయన, ఏంట్రా మీ ఆవిణ్ణి ఇంత బాగా చూసుకుంటున్నావు, పెళ్ళినాటికంటే చిన్నదైపోయింది అన్నాడు. బావగారు మీసం దువ్వుకున్నారు. "ఏదో, గడ్డ తీయించాం. అప్పట్నుంచి తేరుకుంది. పెద్ద డాక్టర్లకి చూపించాంలే" అన్నారు.

తీయించాం. చూపించాం. నా చెవులతో విన్నాను ఆ మాటలు.

అక్క భోజనం చేస్తూ ఉంది. నీళ్ళు తాగి, గ్లాసు బల్ల మీద పెట్టింది.

"గడ్డ లేదు ఏమీ లేదన్నయ్యగారూ" అంది. గొంతు పెంచలేదు కానీ ఆమె గొంతు ఎప్పుడూ పెద్దదే, రెండు బల్లల దాకా వినిపించింది. "పొట్టా రొమ్ములూ కోసి సరిచేయించుకున్నాను. నా చేలో పత్తి డబ్బుతో. ఈయన రాలేదు. నేను లేవలేకుండా పడున్నప్పుడు నా వాకిట్లో కారం కొడుతుంటే ఈయన పేకాటకి పోయాడు. చూసుకుంది మా చెల్లెలు, ఇదిగో ఈ పిల్ల."

మా అత్తగారు పక్క బల్ల దగ్గర చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నారు. బావగారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆయన లేచి బయటికి వెళ్ళిపోయారు. అక్క పులిహోర ఇంకొంచెం వేయించుకుంది. తొందరపడకుండా తింది.

చేతులు కడుక్కునే చోట నేనూ ఆమే ఉన్నాం. అక్కడ సందులో సిమెంటు మెట్లున్నాయి. ఒకమ్మాయి మా వెనకే వచ్చింది. పెళ్ళికొడుకు వైపు మనిషి, ఒంగోలు దగ్గర ఏదో ఊరట. ముప్ఫై కూడా ఉండవు. చంకలో పిల్ల, పైట నిండుగా కప్పుకుని, దాని కింద ఒక చెయ్యి పొట్ట మీద. మా వైపు రాకుండా, వెళ్ళిపోకుండా అక్కడే నిలబడింది. అక్క చేతులు తుడుచుకుంటూ ఆ పొట్ట మీది చెయ్యి చూసింది.

"నవ్వితే పట్టుకుంటావా?" అని అడిగింది.

ఆ అమ్మాయికి కళ్ళు నిండాయి. తల ఊపింది. చాలా నొప్పిగా ఉంటుందా అని అడిగింది, వినపడీ వినపడకుండా.

"ఉంటుంది. అబద్ధం చెప్పను" అంది అక్క. పట్టుచీర సంగతి చూసుకోకుండా ఆ మెట్టు మీద కూర్చుంది. పిల్లని నాకు ఇప్పించి, ఆ అమ్మాయిని పక్కన కూర్చోమంది. ఎన్ని కాన్పులు, ఎప్పట్నుంచి, ఇంట్లో ఎవరెవరున్నారు, పక్కనుండి చూసుకునే మనిషి ఉందా, అన్నీ మొదట్నుంచీ అడగడం మొదలుపెట్టింది.

రోడ్డు మీద బావగారు కారు హారను కొడుతున్నారు. ఒకసారి ఆపి, మళ్ళీ కొట్టారు. ఆపకుండా కొడుతూనే ఉన్నారు. అక్క లేవలేదు.